మిథ్యాభియోగభీతియు ధనాపహరణమును

పరధనము నపహరించువారిలోఁ గత్తి చూపి కొనువాఁ డొకఁడు; గోడకుఁ గన్నము వేసి కొనువాఁ డొకఁడు. వీ రిరువురికంటెను వేఱైన మూఁడవవాఁడును గలఁడు. వాఁ డాయుధము పట్టఁడు, రాత్రికై వేచియుండఁడు. “నీ విట్టి నేరము చేసితివని సభలోఁ జెప్పెదను, చెప్పకుండవలయునేని యింత యిమ్ము” అను మాటయే వానికి సాధనము. ఆ నేరము జరిగినదా లేదా యను విచారము వానికిఁ బట్టదు. ఎదిరివాఁడు వెఱచునా వెఱవఁడా యనునదియే వాఁడు తూఁచి చూచుకొనునది. ఈ దుర్వృత్తి పూర్వకాలమున నెట్లు వర్ధిల్లెను, ధర్మశాస్త్రకర్తలును రాజులును దాని నెట్లు నివారింపఁ జూచిరి, ఆ యుపాయము లెందాఁక ఫలించెను అను నంశము లీ వ్యాసమున విమర్శింపఁబడును.

మొదట శబ్దార్థము విచారణీయము. ‘అభి’ యను నుపసర్గము ‘ఎదురుగా, మీఁదికి’ అను నర్థమును దెలుపును. అది ‘యుజ్’ ధాతువుతోఁ జేరఁగా నేర్పడిన అభియోగశబ్దము, శత్రువుపై దాడి వెడలుటకును, న్యాయసభయం దొకనిపై నేరము మోపుటకును గూడఁ జెల్లుచున్నది. నేరము మోపుటయు నొకవిధమగు దాడియే యని యా భాషను వాడినవారు గ్రహించినట్లు దీనివలనఁ దోఁచుచున్నది. ‘శంస్’ ధాతువునకుఁ జెప్పుట, పొగడుట యనునవి యర్థములు. అభిపూర్వక మైనప్పు డదియే దోషము చెప్పుటకుఁ జెల్లినది. అమరసింహుఁడు శబ్దాదివర్గమున మిథ్యాభియోగమునకు అభ్యాఖ్యాన మనియు, మిథ్యాభిశంసనమునకు అభిశాప మనియుఁ బర్యాయములు చెప్పెను. లేని ఋణము కలదని యడుగుటవంటిది మొదటిదనియు, సురాపానాదిపాతకములను లేనివానికి నంటఁగట్టుట రెండవదనియు వ్యాఖ్యాతలు వీనిని వేఱుపఱిచిరి. మొదటిదానివలన ధనమునకు హాని. రెండవదానివలనఁ బేరునకు హాని. ప్రకృతవిషయమైన దుర్వృత్తి యీ రెంటిని జోడించునట్టిది: పేరునకు హాని చూపి ధనమును లాగుట దాని స్వరూపము.

ఇఁక అభిశస్తశబ్దము క్తప్రత్యయాంతము. ఎవనిపై దోషము చెప్పఁబడెనో వాఁడు అభిశస్తుఁడు. చెప్పిన దోషము నిజమో కాదో యా పద మెఱుఁగదు. అయినను ఎవ్వరి యన్నము తినఁగూడదో చెప్పు సందర్భమున మనుస్మృతి అభిశస్తునిఁగూడఁ బేర్కొన్నది. అనఁగా దోషము తేలుటకుఁ బూర్వమే, చెప్పఁబడినంతమాత్రమున, పంక్తి తప్పుచుండెనని యేర్పడుచున్నది. తెలుఁగువారి యిండ్లలో ననుసంవత్సరము వినాయకచవితినాఁడు వినఁబడు శ్యమంతకోపాఖ్యానమునకు మూల మీ యనుభవమే. మణి కొఱకు ప్రసేనునిఁ జంపించెనని సత్రాజిత్తు అనుమానింపఁగా లోకము దానిని నమ్మెను. ‘నీలాపనింద’ యను మాట యా కథను బట్టియే తెలుఁగున నిలిచినది. నింద మోపినవాఁడు ఋజువు చూపవలసిన పని లేకపోయెను. నింద మోయువాఁడే యడవులు పట్టి, సింహపుజాడ వెదకి, జాంబవంతుని గుహ చొచ్చి, మణిని దెచ్చి చూపవలసి వచ్చెను. కృష్ణునంతటివాఁ డట్లు చేయఁగలిగెను. గుహ చొరలేని సామాన్యుఁ డేమి చేయును? మూట విప్పును.

కావున నీ బెదరింపునకు బలము మూఁడు తావులనుండి వచ్చుచున్నది. మాట తాఁకినంతనే పేరు చెడుట మొదటిది. నిర్దోషి యైనను విచారణమునందుఁ బడవలసిన కష్టము రెండవది. నేరము మోపువానికి వ్యయముగాని యపాయముగాని లేకుండుట మూఁడవది. దోషి ఋజువునకు వెఱచును. నిర్దోషి యీ మూఁటికిని వెఱచును. ఆయా కాలములయందు ధర్మజ్ఞులు చేసిన నిబంధనలను బరిశీలించినచో, ప్రతి నిబంధనయు నీ మూఁడు బలములలో నొకదానిని గోయుటకుఁ జేసిన యత్నమేయని తెలియును.

అన్నిటికంటె సులభముగాఁ గనఁబడునది మూఁడవది. మోపువాఁడు నష్టపడునట్లు చేసినచో మోపుట తగ్గునని యెల్లదేశములవారును దలఁచిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, మిథ్యాభియోగము చేసినవాఁడు తాను కోరిన ధనమునకు రెండింతలు దండముగా నీయవలయునని విధించినది. ఆఱవ విక్రమాదిత్యుని కాలమునఁ గల్యాణపురమున విజ్ఞానేశ్వరుఁడు దానికి మితాక్షరావ్యాఖ్య రచించెను. పదుమూఁడవశతాబ్దియందు తిక్కనసోమయాజి కాలమువాఁడైన మూలఘటిక కేతన యా గ్రంథమును విజ్ఞానేశ్వరీయ మను పేర నాంధ్రీకరించుటచే నీ ధర్మములు తెలుఁగుపద్యములలోనికి వచ్చినవి. కౌటిల్యుఁ డింకను గఠినముగా, దొంగ కానివానిని దొంగ యని చెప్పినవానికి దొంగకుఁ దగిన దండమునే విధించెను. దొంగ యొకఁడు వైరమువలనఁగాని ద్వేషమువలనఁగాని యితరునిఁ బేర్కొన్నచో, ఆ పేర్కొనఁబడినవానిని శుద్ధునిగా విడువవలయుననియు నాతఁడు చెప్పెను.

పేరు చెడుటను గూర్చి యాజ్ఞవల్క్యుఁడు ప్రాయశ్చిత్తాధ్యాయమునఁ జెప్పిన మాటలు గమనింపఁదగినవి. పరునిపై లేని దోషము చెప్పినవాని కా దోషము రెండింతలై తగులును. నిజమైన దోషమునే చెప్పినవానికి సమానమైన దోషము తగులును. ఈ రెండవ వాక్యము పైకి వింతగాఁ దోఁచును. నిజము చెప్పినవానికి దోష మేమి? సభకుఁ దెలుపవలసిన దానిని సభకుఁ దెలుపుట వేఱు. పరుని రంధ్రమును నోటఁ ద్రిప్పుట వేఱు. సత్యమైనంతమాత్రమునఁ జెప్పువాని యుద్దేశము శుద్ధము కాఁజాలదని స్మృతికర్త యభిప్రాయమైయుండును. ఈ సూక్ష్మము ముందు మిక్కిలి యక్కఱకు వచ్చును. అక్కడనే మఱియొక విధియుఁ గలదు: అసత్యముగా నిందింపఁబడినవాఁడును కృచ్ఛ్రవ్రతమునో, దానికి బదులుగాఁ జెప్పిన యిష్టినో చేయవలయును. తప్పు చేయనివానికి వ్రత మేల? మాట తాఁకిన మాలిన్యము మాట తప్పని తేలినంతనే పోదని యా కాలపులోకము నమ్మెను గావున. బెదరించువాని మూలధన మీ నమ్మకమే.

రెండవ బలమైన విచారణక్లేశమును గౌటిల్యుఁ డెఱిఁగినంత స్పష్టముగాఁ బ్రాచీనులలో నెఱిఁగినవా రరుదు. అర్థశాస్త్రపుఁ దాళపత్రప్రతి 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకుఁ జేరఁగా శామశాస్త్రి 1909లో దానిని ముద్రింపించెను. అందలి కంటకశోధనాధికరణమున మాండవ్యుని ప్రస్తావన వచ్చును. మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుఁడు మౌనవ్రతమున నుండి పలుకనందునఁ గొఱుతఁబడెను. కౌటిల్యుని మాండవ్యుఁ డన్ననో హింసకు వెఱచి, దొంగ కాకయే తాను దొంగ నని యొప్పుకొన్నవాఁడు. ఒక్క పేరే రెండుకథలకుఁ దగిలినది; కాని రాజనీతిజ్ఞునకుఁ గావలసినది రెండవ కథయే. హింసచే వచ్చిన యొప్పుకోలు ప్రమాణము కాఁజాలదు గావున, సాధనము లన్నియుఁ బూర్తిగాఁ గుదిరిన పిమ్మటనే దండన నిర్ణయింపవలయునని యాతఁ డీ దృష్టాంతమువలన సాధించెను. నిర్దోషిని నిర్బంధించి యుంచిన యధికారికిఁ బూర్వసాహసదండము విధించెను. విచారణమే శిక్ష యగుచోట నభియోగభీతికి వెల యెక్కువ యగునని యీ నిబంధనలు పరోక్షముగాఁ జాటుచున్నవి.

బెదరించువాఁడు పొరుగువాఁడే కానక్కఱలేదు. రాజపురుషుఁడే యైనచో వాని మాటకు బల మధికము. అందుచేతనే మనుస్మృతి, రాజుగాని రాజపురుషుఁడుగాని తనంతఁ దాను వ్యవహారమును బుట్టింపరాదనియు, ఒకఁడు తెచ్చిన వ్యవహారమును మ్రింగివేయరాదనియు శాసించినది. వ్యాజ్యమును బుట్టించుటయు మ్రింగుటయు రెండును విక్రయమునకుఁ దగినవే యని యా స్మృతికారుఁ డెఱుఁగును. కొన్ని యపరాధములందు మాత్రము రాజు తానుగా విచారింపవచ్చును. వానిని దెలుపువారు ఇరుదెఱఁగులవారని కాత్యాయనుఁడు చెప్పెను. ధనమే ప్రధానముగా నెంచి దోషమును దెలుపువాఁడు స్తోభకుఁడు. పరదోషములఁ గనిపెట్టుటకై రాజుచే నియుక్తుఁ డైనవాఁడు సూచకుఁడు. కాత్యాయనస్మృతి సమగ్రముగా లభింపకపోయినను, నిబంధకారు లుదాహరించిన శ్లోకములను గూర్చి పాండురంగ వామన కాణే 1933లోఁ బ్రకటించుటచే నీ భేదము నేఁడు తెలియుచున్నది. దోషము చెప్పుటవలన ధనము వచ్చుచుండఁగా, చెప్పకుండుటవలనఁ బాడిపెట్టబడువానినుండి యంతకు మించి రాఁబట్టుకొనుట స్తోభకునకుఁ గష్ట మగునా?

ఇచటఁ గౌటిల్యుని యుపాయము ప్రత్యేకముగాఁ బేర్కొనఁదగినది. గూఢముగా జీవించువారినుండి ప్రజలను రక్షించు ప్రకరణమున నాతఁడు సత్త్రి యను గూఢచారుని గ్రామాధికారికడకుఁ బంపుమని చెప్పెను. ఫలానివాఁడు ధనవంతుఁడనియు, వాని కిట్టి యాపద వచ్చినదనియు, ఆ యాపదను బట్టి వానినుండి ధనము రాఁబట్టవచ్చుననియు సత్త్రి యాశ చూపును. అధికారి యట్లు చేసెనేని వాఁడు ‘ఉత్కోచకుఁడు’ అని పేరు పెట్టి దేశమునుండి వెడలఁగొట్టవలయును. బంధువుపై వచ్చిన యభియోగమును దప్పింపుమని ధనము చూపి ధర్మస్థునిఁగూడ నిట్లే పరీక్షింపవలయును. ఈ కుటిలోపాయ మేల? ధనమిచ్చినవాఁడు నోరు విప్పఁడు గావున. నోరు విప్పకుండుటకే వాఁడు ధన మిచ్చెను. ఫిర్యాదు రానేరని నేరమును ఫిర్యాదుకై వేచి పట్టుకొనుట యసాధ్యము. మిథ్యాభియోగికి రెండింతల దండము విధించిన స్మృతివాక్య మీ చోటనే శక్తిహీన మగుచున్నది: అభియోగము సభ యెక్కినప్పుడు గదా యా దండము! సభ యెక్కకుండ వాకిటనే యమ్ముడుపోయిన యభియోగమున కే దండమును లేదు.

ఈ లోపము భరతఖండమునకే పరిమితము గాదు. యవనదేశమున నేథెన్సు నగరచరిత్రము దీనికిఁ బెద్ద నిదర్శనము. క్రీస్తునకుఁ బూర్వ మాఱవశతాబ్ది యారంభమున సోలను శాసనములు చేయుచు, అన్యాయము పొందినవాని పక్షమునఁ గోరిన పౌరుఁ డెవఁడైనను వ్యాజ్యము వేయవచ్చునని యనుమతించెను. దుర్బలునకుఁ దోడుగా బలవంతుఁడు నిలుచుటకై చేసిన యా నియమము మిక్కిలి యుదారము. ప్రజాపాలనమున కదియే యాధారములలో నొకటి యని తరువాతివారు కొనియాడిరి. ప్రభుత్వపక్షమున నభియోగములు నడుపు నుద్యోగి యా నగరమున లేఁడు. కొన్ని వ్యాజ్యములందు గెలిచినవానికి రాఁబడిన ధనములో భాగమును ముట్టుచుండెను. ఈ స్వాతంత్ర్యమును వృత్తిగాఁ జేసికొన్నవారికి ‘సికోఫాంతెసు’ అని పేరు వచ్చెను. ‘అంజూరపుఁబండును జూపువాఁడు’ అని దాని యవయవార్థము. అంజూరపుఁబండ్ల నెగుమతి చేయరాదను నిషేధమును మీఱినవారిని బట్టియిచ్చువారికి మొదట నీ పేరు కలిగెనని ప్రాచీనులు కొందఱు చెప్పిరి. ఆంగ్లభాషయం దా పదమే తుదకు ముఖస్తుతి చేయువాఁడను నర్థమునఁ బడినది. రూఢి యోగమును మ్రింగుట యన్ని భాషలకును సహజము.

వీరి బెదరింపునకు ధనవంతులు తలయొగ్గుచుండిరి. నికియాసు అను సేనాని వీరికి ధన మిచ్చుచుండుట నాటకకర్తల హాస్యమునకు విషయ మయ్యెనని ప్లూటార్కు వ్రాసెను. సోక్రటీసు మిత్రుఁడైన క్రీటోకథ జెనొఫను వ్రాతలోఁ గలదు. తనవలన నపకారము పొందినవారు కాక, సభకుఁ బోవు చిక్కుకంటె ధన మిచ్చుట మేలని తాను తలఁతునని నమ్మినవారు తనపై వ్యాజ్యములు వేయుచున్నారని క్రీటో మొఱపెట్టుకొనెను. గొఱ్ఱెలమందకుఁ గుక్కను బెంచినట్లు తనకు నొక కావలివానిఁ బెంచికొమ్మని సోక్రటీసు సలహా నిచ్చెను. అంతట బీదవాఁడును వాక్చతురుఁడును నగు ఆర్కెదెమసును క్రీటో యాదరించెను. ఆర్కెదెమసు బెదరించువాని పూర్వాపరాధములను వెదకి తీసి వానిపైననే యెదురువ్యాజ్యము తెచ్చి, వాఁడు తన వ్యాజ్యమును మానుకొని ధనముగూడ నిచ్చువఱకు విడువలేదు. ఈ కథను జదివినవారికి సంతోషము కలుగుట సహజమే. కాని యా విడుదలయందును సభకు భాగము లేదు. భయము భయముచే మాన్పఁబడెను. కుక్కను బెంచుకొనలేనివానికి రక్షణము లేదు. మనదేశమున నీ యుపాయము సాగదు కూడ; ఏలయన మొదటి యభియోగము తీఱక ప్రత్యభియోగము చేయరాదని యాజ్ఞవల్క్యుఁడును గౌటిల్యుఁడును గలహసాహసాదులందుఁ దప్ప నిషేధించియున్నారు.

ఏథెన్సువారు చట్టము చేయకపోలేదు. బహిరంగాభియోగము తెచ్చినవానికి న్యాయసభ్యుల మతములలో నైదవవంతయు రానిచో, వాఁడు 1000 ద్రాక్మల దండము చెల్లింపవలయును. అట్టి వ్యాజ్యములు తెచ్చు నధికారమును గోలుపోవలయును. ఐదవశతాబ్ది చివర నేర్పుగల పనివాని దినవేతన మించుమించుగా నొక ద్రాక్మ. అట్లయిన నది యల్పదండము గాదు. అయినను సభ యెక్కనివాని నది తాఁకలేదు. నిజమైన మొఱ గల బీదవానినిగూడ వెనుకాడఁజేయుట కది చాలియుండెను. మఱియు క్రీ. పూ. 404లో ‘ముప్పదిమంది’ యధికారమునకు వచ్చి మొదట సికోఫాంతులను బట్టి చంపించిరి. పౌరులు సంతసించిరి. ఆ వెనుక నా చేతులే సజ్జనులను ధనవంతులను జంపి వారి సొత్తు హరించినవి. మిథ్యాభియోగులను నిర్మూలింతు మను నెపము నిరంకుశులకు సోపాన మగుటకు నిది నిదర్శనము. మొఱపెట్టుకొను ద్వారమును మూసివైచినచో బెదరించువాఁడు పోవును. వానితోఁ గూడ న్యాయమును బోవును.

ఇఁక నాంగ్లదేశము. ‘బ్లాక్‌మెయిలు’ అని నేఁడు తెలుఁగునఁగూడ వాడుకలోనున్న మాటలో ‘మెయిలు’ అనఁగాఁ గప్పము. ఇంగ్లండు స్కాట్లండు సరిహద్దులందు దోపిడికాండ్రు పొలముల జోలికి రాకుండుటకై రైతు లిచ్చుకొను కప్పమునకు మొదట నది పేరు. దానిని నిషేధించుచు 1601లోఁ జట్టము పుట్టెను. అపవాదమును జూపి ధనము లాగుట యను నర్థ మా పదమునకుఁ దరువాత వచ్చినది. నేరము మోపుదు మని బెదరించుచు ధనము కోరి లేఖలు వ్రాయువారికి 1757లోఁ జేసిన చట్ట మేడేండ్లవఱకు ద్వీపాంతరవాసము విధించెను. పురుషులు పరస్పరము కూడుట యా దేశమున 1533 మొదలుకొని మరణదండనార్హమైన నేరముగా నుండెను. కావున నా నింద వేయుదు నని వీథిలో నొక పెద్దమనిషిని నిలిపి ధన మడుగుట పదునెనిమిదవశతాబ్దియందు లండనులో వృత్తిగా మాఱెను. బలాత్కారము లేక భయముచే మాత్రము తీసికొన్న ధనము దోపిడి యగునా యను ప్రశ్న న్యాయమూర్తులయెదుటికి వచ్చెను. 1776లోను, మఱల 1779లోను నది దోపిడియే యని వారు నిర్ణయించిరి. పేరు పోవునను భయము ప్రాణభయముతో సమానమని దీని తాత్పర్యము. కాని 1796లో వచ్చిన మఱియొక వ్యాజ్యమున నీ న్యాయ మా యొక్క నిందకుఁ దప్ప నితరనిందలకు వర్తింపదని చెప్పి దానిని గుదించిరి.

ఈ చరిత్రమునం దొక విపరీతము గలదు. ఒకవంక న్యాయమూర్తులు బెదరించువానిని దోపిడికానిగా నెంచి యురిఁదీయించుచుండిరి. మఱియొకవంకఁ జట్టమే వానికిఁ బెట్టుబడి సమకూర్చుచుండెను. ఆ నేరమునకు మరణదండనము 1861లోఁ దొలఁగెను. కాని 1885లో విస్తృతమైన మఱియొక నిషేధము చట్టమున కెక్కఁగా, దానికి ‘బెదరించి కొనువాని సనదు’ అని యే పేరు వచ్చెను. 1967లో నింగ్లండు వేల్సులయందు వయసు వచ్చినవారి యేకాంతవ్యవహార మా నేరములలోనుండి తొలఁగింపఁబడిన పిమ్మటఁగాని యా సనదు చెల్లకపోలేదు. చట్టము పరహానిలేని నడవడి నెంత క్రూరముగా దండించునో, యా నడవడిపేరఁ జేయు బెదరింపు నంత ప్రియముగా నమ్ముడుపోవునని యిందువలన స్పష్టమగుచున్నది.

ఆంగ్లేయపాలనమునఁ దెలుఁగుదేశ మీ విషయమున నెట్లుండెనో తెలియుటకు మద్రాసురాజధానియందు 1854లో నియుక్తమై 1855లో నివేదిక సమర్పించిన హింసావిచారణసంఘపు వ్రాతలు సాధనము. పన్ను వసూలుచేయుటకును, నేరము నొప్పించుటకును గూడఁ గ్రింది యుద్యోగులు జనులను హింసించుచుండుట నిజమని యా సంఘము తేల్చెను. చేతులను గఱ్ఱలనడుమఁ బెట్టి నొక్కుట, మెడ వంచి కాళ్లకుఁ గట్టి నిలుపుట యనునవి వాడుకలోని రెండు పద్ధతులు. వానికిఁ దెలుఁగుపేళ్లుగూడ నా నివేదికయం దుదాహరింపఁబడినవి. తన భాషలోఁ బేరు గలిగియున్న హింస జనులకుఁ గొత్తది కానేరదు. ఠాణాకుఁ బోవుటయే మాండవ్యుని దశ యగుచోట, ‘నీపేరు చెప్పెదను’ అను మాటకు వెఱవనివాఁ డెవఁడు? కౌటిల్యుఁడు చూపిన విచారణక్లేశము రెండువేలయేండ్లకుఁ బిమ్మటఁగూడ బెదరించువానికిఁ దోడుగానే నిలిచినది.

1837లో మెకాలే ప్రముఖులు సిద్ధపఱచిన చిత్తునుండి పుట్టి, 1860లో శాసనమై, 1862 జనవరి 1వ తేది నుండి యమలులోనికి వచ్చిన భారతశిక్షాస్మృతి యీ దుర్వృత్తిని నేరుగా నెదుర్కొన్నది. 383వ ప్రకరణము భయపెట్టి ధనము గొనుటను నిర్వచించి, అపకీర్తికరమైన వ్రాతను బ్రకటింతు నని బెదరించి ధనము గొనుటను మొదటి యుదాహరణముగాఁ జూపెను. మరణదండనమో, యావజ్జీవశిక్షయో, పదియేండ్ల కారాగారమో కలుగఁదగిన నేరమును మోపుదు నని వెఱపించి ధనము గొనుటకు 388వ ప్రకరణము పదియేండ్లవఱకు శిక్ష విధించెను. వెఱపించి యూరకుండిన యత్నమునుగూడ 389వ ప్రకరణము దండించెను. తప్పుడు నేరారోపణమును దండించు 211వ ప్రకరణము వేఱుగా నుండెను. 2024 జూలై 1వ తేదినుండి భారతీయ న్యాయసంహిత యా స్మృతిస్థానమున నిలువఁగా, పై బెదరింపులకు సంబంధించిన నిబంధనలు దాని 308వ ప్రకరణమునఁ జేరియున్నవి.

ఈ ప్రకరణములలో గమనింపవలసిన పద మొక్కటియే: ‘మిథ్యా’ యను విశేషణము వానియందు లేదు. మోపుదు నన్న నేరము నిజమైనదా, కల్పితమా యని యా విధి యడుగదు. ధనముకొఱకు నేరారోపణమును జూపి వెఱపించెనా యనునదియే ప్రశ్న. పూర్వశాస్త్రములు చాలవఱకు నభియోగముయొక్క సత్యాసత్యములను దూఁచినవి. నూతనవిధి భయముయొక్క క్రయవిక్రయములను దూఁచుచున్నది. ఈ మార్పు లోతైనది. కల్పితమైన నేరమును మోపుదు నని ధనము గొన్నవాఁడు నిర్దోషిని దోచుకొనుచున్నాఁడు. నిజమైన నేరమును దాఁతు నని ధనము గొన్నవాఁడు నేరగానికిఁ దోడ్పడి, యన్యాయము పొందినవానిని దోచుకొనుచున్నాఁడు. రెండువిధములను సభకుఁ జేరవలసినది సంతకుఁ జేరుచున్నది. నిజమునే చెప్పినవానికిని సమానదోషము గలదన్న యాజ్ఞవల్క్యుని మాటకును, సత్యాసత్యములతోఁ బనిలేక ‘ఉత్కోచకుని’ దేశమునుండి వెడలఁగొట్టుమన్న కౌటిల్యుని యాజ్ఞకును నిదియే తాత్పర్యమని చెప్పవచ్చును. ఆ బీజములు పూర్వులయందే కలవు; అవి వేఱువేఱు ప్రకరణములలో నుండుటచే నొక్క విధిగాఁ గూడలేదు.

ఇట్లు నిర్ణయించుటవలన నింకొక మేలు గలదు. మొఱపెట్టుకొనువాని నోరు నొక్కనక్కఱలేదు. ఏథెన్సు చట్టము మిథ్యాభియోగిని వెఱపింపఁబోయి సత్యాభియోగినిఁగూడ వెఱపించెను. దండము నభియోగముపైఁ గాక దాని విక్రయముపైఁ బెట్టినచో, నిజముగా నన్యాయము పొందినవానికి భయము లేదు. వాఁడు సభకుఁ బోవుచున్నాఁడు గాని సంతకుఁ బోవుట లేదు. సాక్ష్యము దుర్బలమై వ్యాజ్యము పోయినను వాఁడు బెదరించినవాఁడు కాఁడు. నిర్దోషిరక్షణమునకును, దుర్బలుని మొఱకును విరోధము లేదని యీ మార్గముననే తేలుచున్నది.

అయినను మొదటఁ జెప్పిన మూఁడు బలములలో నొకటి యింకను దెగక మిగిలియున్నది. మోపువానికి నష్టము గలిగించుట చట్టమునకు సాధ్యము. విచారణమునందలి క్లేశమును దగ్గించుట యధికారులకు సాధ్యము. మాట తాఁకినంతనే పేరు చెడుట మాత్రము చట్టమువలనఁ బోవునది గాదు. అది వినువారి చేతిలో నున్నది. అభిశస్తుఁడనఁగా దోషము చెప్పఁబడినవాఁడే గాని దోషి కాఁడని వ్యాకరణము సూత్రప్రత్యయములతో నెన్నఁడో తేల్చియున్నది. శబ్దమునం దున్న యీ వివేకము వ్యవహారమునందును గలిగి, సభ తేల్చువఱకుఁ బంక్తినుండి యెవనినిఁ ద్రోయక నిలుచునట్టి లోకమున, వాకిట నిలిచి వెల చెప్పువానికి బేరము కుదురదు.